డైనమిక్ గారు

ఆఫీసుకొక డైనమిక్ గారు ఉంటారు. హెచ్‌ఆర్ రికార్డుల్లో ఆయనకు వేరే పేరుంటుంది గానీ జీతం స్లిప్పు మీద తప్ప ఎక్కడా కనబడదు. పివట్ టేబుల్ వేసుకుని బతికేవాళ్లను చూస్తే ఆయనకు జాలి. పవర్ క్వెరీ 2013లో ఎక్సెల్‌కు యాడ్-ఇన్‌గా వచ్చినప్పుడే దించుకున్నాననీ, ఎక్సెల్ 2016లో డేటా ట్యాబ్ ఎక్కాక దాన్ని చూసినవాళ్లంతా తనకు జూనియర్లేననీ ఆయన లెక్క.

ఆయన ముందు "గ్రూప్ బై బటన్ నొక్కానండీ" అన్నారో, అయిపోయారు. "కాస్త జరగండి" అంటారు. మీ కుర్చీ పోయినట్టే. బటన్ రాసిపెట్టిన కోడ్‌ను పెన్నుతో స్క్రీన్ మీద పొడుస్తూ చూపిస్తారు. "ఏప్రిల్, మే, జూన్ అని పేర్లు పెట్టి మరీ రాసేసింది చూడండి. జాబితా చదివి విస్తళ్లు వేసే పెళ్లి ఇది. జూలై అని కొత్త అల్లుడొస్తే విస్తరుండదు, అడిగే దిక్కూ ఉండదు. ఏప్రిల్ మామయ్య రాలేదా, భోజనాలే ఆగిపోతాయి!"

ఆగిపోవడమంటే, ఆ పేరుతో కాలమ్ లేదని పసుపు పట్టీలో ఎర్రర్ రావడం. అసలు దొంగ అంతకు ముందే దూరి ఉంటాడంటారు: మనం అడక్కుండానే వచ్చి కూర్చునే 'ఛేంజ్‌డ్ టైప్' స్టెప్. అందులోనూ కాలమ్‌ల పేర్లన్నీ దిగ్గొట్టి ఉంటాయి. ఎవరి ఫైల్ తెరిచినా ముందు దాన్ని పీకేస్తే గానీ ఆయనకు టీ దిగదు.

ఆ తర్వాత అసలు విద్య. టేబుల్.కాలమ్‌నేమ్స్‌తో ఉన్న పేర్లన్నీ తెప్పిస్తారు. దేని ప్రకారం గ్రూప్ చేయాలో ఆ కాలమ్‌ను లిస్ట్.డిఫరెన్స్‌తో పక్కన పెడతారు. మిగిలిన ఒక్కో పేరుకూ, లిస్ట్.ట్రాన్స్‌ఫార్మ్‌తో, దాన్ని కూడే లిస్ట్.సమ్‌ను జతచేసి, ఆ జతలన్నీ టేబుల్.గ్రూప్ చేతిలో పెడతారు. ఇక ఏ నెల వచ్చినా, ఏ నెల పోయినా రిఫ్రెష్ కొట్టడమే; ఆయన భాషలో డైనమిక్ అంటే ఇదే. నిజం చెప్పొద్దూ, చక్కటి పనే. కోడ్ నాలుగు లైన్లే. దాని మీద ఉపన్యాసమే భోజనం బెల్లు దాటిపోతుంది. మధ్యలో మీరు 'సమ్'లో ఎస్ చిన్నక్షరం కొడితే పవర్ క్వెరీ వాడే ఎం భాష ఒప్పుకోదు, ఈయన అసలే ఒప్పుకోరు.

ఈ విద్య ఆఫీసుతో ఆగితే బాగుండేది. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు తానే చూస్తానన్నారు. సెక్రటరీ గారు ఫ్లాట్‌కొక వరుస, నెలకొక కాలమ్ చొప్పున తెలుగులో బకాయిలు కొట్టిస్తే, ఈయన క్వెరీ బ్లాకుల వారీగా కూడి, చివర మొత్తం వేస్తుంది. మూడు నెలలు దివ్యంగా నడిచింది. నాలుగో నెల సెక్రటరీ గారు, పాపం, అందరికీ ఉపయోగపడుతుందని ఫోన్ నంబర్ల కాలమ్ చేర్చారు.

క్వెరీ కిమ్మనలేదు. కొత్త కాలమ్ వచ్చింది, అందులో అంకెలున్నాయి, కూడేసింది. 12 ఫ్లాట్ల బి బ్లాక్ బకాయి పదివేల కోట్లు దాటినట్టు లిఫ్ట్ పక్కన నోటీసు వెలిసింది.

మూడో అంతస్తు రిటైర్డ్ తహశీల్దారు గారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, "బాబూ, ఇది వాయిదాల్లో కట్టుకోవచ్చా?" అని అడిగారు.

"ఎర్రర్ అయితే రాలేదు కదండీ!" అన్నారు డైనమిక్ గారు. ఆయనకది నిజంగానే ఊరట.

ఆ రాత్రి కూర్చుని మరమ్మతు చేశారు. అంకెలున్న కాలమ్‌లే తీసుకుందామంటే ఫోన్ నంబరూ అంకెలే. చివరికి, నెల పేరుతో మొదలయ్యే కాలమ్‌లనే కూడమన్నారు. అందుకు కోడ్‌లో పన్నెండు నెలల పేర్లూ స్వహస్తాలతో కొట్టారు. పక్క ఫ్లాట్ కుర్రాడు "అంకుల్, ఇప్పుడు మీరూ పేర్లు రాసేశారుగా" అన్నాడు. వాడితో మాటలు బంద్.

అక్టోబర్‌లో 'దీపావళి చందా' కాలమ్ వచ్చింది. నెల పేరు లేదు కాబట్టి క్వెరీ దాన్ని చప్పుడు చేయకుండా వదిలేసింది.

"నేనిచ్చిన ఐదు వేలు ఎక్కడయ్యా?" అన్నారు తహశీల్దారు గారు.

"హెడింగ్ తప్పండీ. ముందు 'అక్టోబర్' అని చేర్పించండి, దానంతటదే వచ్చేస్తుంది."

సెక్రటరీ గారు చేర్చారు. ఆయనది పాతకాలం చదువు కదా, 'అక్టోబరు' అని కొమ్ముతో సహా రాశారు.