నిలువుకాళ్ళ కొలువు

మన రెండు రాష్ట్రములలోను ఎదిగిన పిల్లలు గల యింటికి పోయి, మీ వాడేమి చేయుచున్నాడని అడిగినచో, తల్లిదండ్రులు అతడు చేయుచున్న పనిని చెప్పరు. ప్రిపేరగుచున్న ఉద్యోగమును చెప్పుదురు. అట్లు ప్రిపేరగువారిలో గ్రూపు పరీక్షలవారు గ్రంథాలయములలోని కుర్చీలను ఆక్రమించియుండగా, పోలీసు కొలువును కోరువారు కోడి కూయకముందే లేచి ఊరి వెలుపలి తారురోడ్లను, కళాశాలల మైదానములను ఆక్రమించుచున్నారు. ఇంటర్మీడియెట్ చదువు చాలునన్న ఈ పదవికై బీటెక్కులు, ఎంబీఏలు సైతము రొప్పుచు రోజుచు పరుగిడుటను చూచి, ఆ వృత్తియందలి భవిష్యదవకాశములను గూర్చి వారికి నాలుగు మాటలు చెప్పువాడొకడుండవలెనని తోచి, ఈ వారము నాకు తెలియని రాజకీయములను విడిచి ఈ విషయమును చేపట్టితిని.

మొదటిది కొలతల సంగతి. సివిల్ కానిస్టేబులు కాగోరు పురుషుడు 167.6 సెంటీమీటర్లకు తక్కువ పొడవుండరాదు. ఆంధ్రప్రదేశ్ నిబంధనల మేరకు ఛాతీ 86.3 సెంటీమీటర్లుండి, ఊపిరి పీల్చినప్పుడు మరియొక 5 సెంటీమీటర్లు పొంగవలెను. (ఆ పొంగు సర్వీసులో చేరిన పిదప ఏ అధికారి యెదుటను అక్కరకు రాదు గాని, నిబంధన నిబంధనయే.) ఆపై అభ్యర్థులు ‘ఈవెంట్స్’ అని పిలుచుకొను దేహదార్ఢ్య పరీక్షలు. 1600 మీటర్ల పరుగును ఆంధ్రప్రదేశ్‌లో 8 నిమిషములలో ముగింపవలెను; తెలంగాణవారు 2022 నియామకములలో పురుషులకు 7 నిమిషముల 15 సెకనులే ఇచ్చిరి. ఇంత శ్రద్ధతో కాళ్ళను పరీక్షించి యెన్నుకొన్నవానిని దొంగల వెంట పరుగెత్తించెదరు కాబోలునని మీరనుకొనుట సహజము. పరుగెత్తింపరు. నిలుచుండబెట్టెదరు.

పోలీసు వృత్తియొక్క సారమంతయు నిలుచుటలోనే యున్నది. మంత్రివర్యులు పదకొండు గంటలకు విచ్చేయుదురన్న సభకు కానిస్టేబులు వేకువ నాలుగింటికే వచ్చి నిలుచును. వారు సాయంకాలము విచ్చేసినను నిలుచును. రాకయే మానినచో, రారను వార్త వైర్‌లెస్ సెట్టులో రూఢియగువరకు నిలుచును. వంతెనకొకడు, మలుపునకొకడు, కల్వర్టునకొకడు చొప్పున కాన్వాయి పోవు దారి పొడవునను పాతిన సర్వే రాళ్ళవలె నిలిచి, వాహనముల వైపు వీపును, జనుల వైపు ముఖమును పెట్టుట వారికి విధింపబడిన భంగిమ. సభాస్థలిలోను అంతే. కనుక ముప్పది యేండ్లు బందోబస్తు చేసిన హెడ్డు కానిస్టేబులు ముఖ్యమంత్రుల ఉపన్యాసములన్నియు వినియుండును గాని, ఒక్కరి ముఖమునైనను సరిగా చూచియుండడు. ఏ పార్టీ వాగ్దానమును ఏ పార్టీ ఏ ఎన్నికలో ఎరువు తెచ్చుకొన్నదో నిర్ణయింపగల పండితుడు ఈ దేశమున అతడొక్కడే. ఇంతవరకు ఏ విశ్వవిద్యాలయమును అతనిని సంప్రదింపలేదు. నాయకుడు వేదిక దిగి జనములోనికి నడచినచో ‘రోప్ పార్టీ’ యని మరియొక విద్య కలదు: పొడవైన మోకును చేబూని నాయకుని చుట్టు వలయముగా నిలిచి, అభిమానుల తాకిడిని డొక్కలతో భరించుచు, నాయకుడు ముందునకు సాగిన కొలది తాను వెనుకకు నడచుట. మధ్యాహ్నమునకు పులిహోర పొట్లము వచ్చును; అది వచ్చినప్పుడే మధ్యాహ్నము. సివిల్ నియామకములలో మూడవవంతు స్త్రీలకు కేటాయించిన ప్రభుత్వములు, ఆ స్త్రీలు పండ్రెండు గంటలు నిలుచు తావునకు దరిదాపులలో మరుగుదొడ్డి యొకటి యుండవలెనన్న సంగతిని తరచుగా మరచుచున్నవి.

ఈ నిలుచు విద్యకు అభ్యాసము ఉద్యోగము రాకపూర్వమే ఆరంభమగును. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబులు ఖాళీలకు 2022 నవంబరులో ప్రకటన వెలువడినది. 2023 జనవరి 22న నాలుగున్నర లక్షలకు పైబడిన యువతీయువకులు ప్రాథమిక పరీక్ష వ్రాయగా 95 వేల చిల్లర నెగ్గిరి. నెగ్గినవారు బూట్ల లేసులు బిగించి మైదానమునకు పోవునంతలో వ్యాజ్యములు వచ్చినవి, ఎన్నికలు వచ్చినవి, ప్రభుత్వము మారినది. తుది వ్రాతపరీక్ష 2025 జూన్ 1న జరిగినది. ఫలితములు ఆగస్టులో దర్శనమిచ్చినవి. అభ్యర్థికి గడువుపైన ఒక్క సెకను పట్టినను అతడు అనర్హుడు. ప్రభుత్వపు పరుగునకు మాత్రము స్టాప్‌వాచీ పట్టువాడు లేడు. ఈ నడుమ కొందరికి పెండ్లిండ్లయినవి, కొందరి పొట్ట ఛాతీతో పోటీ పడసాగినది. దీనిని ఆలస్యమని నిందించువారు లోతు తెలియనివారు. రెండున్నర యేండ్లు ఒక్కచోట నిలువగలిగినవాడు కాన్వాయి కొరకు పండ్రెండు గంటలు నిలువజాలడా?

ఇక పనివేళలు. 1857 తిరుగుబాటు భయము తీరని దొరలు చెన్నరాజధానికి 1859లోను, తక్కిన దేశమునకు మాదిరిగా 1861లోను పోలీసు చట్టములు చేసిరి. 1861 చట్టపు 22వ సెక్షను ప్రకారము పోలీసు ఉద్యోగి ఎల్లవేళల డ్యూటీలో నున్నట్లే భావింపబడును. దొరలు ఓడలెక్కి పోయిరి. ఆ భావన మాత్రము ఓడ యెక్కలేదు. ఇంట నిద్రించుచున్నను శాఖాదృష్టిలో అతడు నిలుచుండియే యున్నాడు. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పోలీసులకు వారమునకొక దినము సెలవని ఘనముగా ప్రకటించినది. పత్రికలకెక్కిన ఆ సెలవు స్టేషను పుస్తకములలో కొన్నాళ్ళు కనబడి, ఆపై చాలచోట్ల తానే దీర్ఘకాలపు సెలవుమీద పోయినది.

అభ్యున్నతి మాటకు వత్తము. పైని చెప్పిన 2022 ప్రకటనలో 25,220 రూపాయలతో మొదలై 80,910 వరకు పోవు వేతనశ్రేణి చూపబడినది; పెండ్లి సంబంధములవారు వచ్చినప్పుడు రెండవ సంఖ్యను చెప్పుట ఆచారము. కానిస్టేబులు, హెడ్డు కానిస్టేబులు, ఏఎస్ఐ, ఎస్ఐ అను క్రమము చూచుటకు ముచ్చటగనే యున్నది. నడిమి దూరములే దశాబ్దములతో కొలువబడుచున్నవి. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’లో హోదాయే పేరుగా చెలామణియగు హెడ్డు కానిస్టేబులొకడున్నాడు. ఆ నాటకము అచ్చై నూటయిరువది యేండ్లు దాటినను అతడు ఇంకను హెడ్డుగనే యుండుట సాహిత్యదోషము కాదు. ప్రమోషన్ల జాబితాను చూచినవారెవరును దానిని శంకింపరు. పైకెక్కినవారు లేకపోలేదు: నిజాము రాజ్యమున అమీనుగా చేరిన వెంకటరామారెడ్డిగారు హైదరాబాదు కొత్వాలు పదవి నలంకరించిరి. నేటి తెలంగాణ పోలీసు అకాడమీకి వారి పేరే పెట్టబడినది. ఆ పేరును ప్రతిదినము చదువుచు కవాతు చేయు కుర్రవానికి కొత్వాలు కాగోరు కోరిక కలిగినచో అది అకాడమీవారి పూచీ కాదు.

నేరుగా ఎస్ఐగా చేరినవాడు మురియనక్కరలేదు. వానికై ‘వీఆర్’ కాచుకొనియున్నది: స్టేషనును, కుర్చీయును లేక తదుపరి ఉత్తర్వులకై వేచియుండు త్రిశంకుస్థితి. స్టేషను అధికారిని కనీసము రెండేండ్లు కదపరాదని ప్రకాశ్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఆదేశించినది. శాసనసభ్యుని సిఫారసు లేఖ ఒకటిన్నర పుట. సుప్రీంకోర్టు తీర్పు పెక్కు పుటలు. పనిలోనున్న అధికారులు దేనిని ముందు చదువుదురో ఊహించుకొనుడు.

ఇన్ని కష్టములను చెప్పుకొనవచ్చునా యందురేమో. చెప్పుకొనరాదు. పోలీసు బలగములు అనుమతి లేక సంఘము కట్టుటను, పత్రికలతో పలుకుటను 1966లో పార్లమెంటు చేసిన చట్టము కట్టడి చేయుచున్నది. భర్తకు నోరు లేనప్పుడు భార్యయే నోరు కావలసివచ్చును. అక్టోబరు 21 పోలీసు అమరవీరుల సంస్మరణదినము. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సేనల కాల్పులకు నేలకొరిగిన పదిమందిని తలచుకొని, పోలీసుల త్యాగనిరతిని వేదికలపై వేనోళ్ళ కొనియాడు దినము. 2024లో ఆ కొనియాడుట జరిగిన మాసమందే తెలంగాణ ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ళ భార్యలు పసిబిడ్డలతో రోడ్డెక్కిరి. తమ భర్తలను ఊరూర త్రిప్పవలదని, సెలవులకు కోత పెట్టవలదని, రాష్ట్రమంతటికి ఒకే పోలీసు విధానముండవలెనని వారి విన్నపము. పిదప కొందరు కానిస్టేబుళ్ళును గొంతు కలిపిరి. మాసము ముగియకముందే 39 మందిని సస్పెండు చేసి, 10 మందిని కొలువునుండి తొలగించిరి. కారణము క్రమశిక్షణోల్లంఘనము.

రోడ్డుమీద కూర్చున్న ఆ యిల్లాండ్రను లేవదీయుటకు పంపబడినవారును పోలీసులే. ఆ పూట వారిలో నొకరికి ఇంటినుండి ఫోను వచ్చి, ఈ రాత్రికైనను వత్తువా యని భార్య యడిగియుండినచో, అది కుశలప్రశ్నయో నిరసనయో తేల్చుటకు కమాండెంటు కార్యాలయమునుండి మెమో రావలసియుండును.