ఫ్రీజర్‌లో పొట్టేలు

మా ఫ్రీజర్ తలుపు మూసుకోవడం లేదు. ఇవాళ్టికి పది రోజులు. నొక్కితే బుద్ధిగానే మూసుకుంటుంది. అటు తిరిగి రెండడుగులు వేశామో లేదో వెనకాల 'టప్'మంటుంది. చూస్తే అంగుళం సందులోంచి తెల్లటి పొగ. లోపల ఒక తొడ ఎముక అడ్డం పడింది. దాన్ని లోపలికి తోస్తే కొబ్బరి కోరు డబ్బా ముందుకొస్తుంది, డబ్బాను తోస్తే పచ్చి బఠానీలొస్తాయి. చివరికి మా ఆవిడ, మా అమ్మాయి పాత చున్నీ ఒకటి తీసి ఫ్రిజ్ చుట్టూ బిగించి ముడేసింది. తలనొప్పికి గుడ్డ కట్టుకుని మూలన కూర్చున్న మేనత్తలా ఉందిప్పుడు. రాత్రిళ్లు మూలుగుతోంది కూడా.

సగం తప్పు పంచాంగానిది. 2025లో దసరా వచ్చి వచ్చి అక్టోబరు 2న పడింది. గాంధీ జయంతి నాడు హైదరాబాదులో మాంసం కొట్లు బంద్. మిగతా ఏడాదుల్లో ఆ సంగతి ఎవరికీ పట్టదు, ఒకపూట పప్పుచారుతో సరిపెట్టుకుంటాం. కానీ దసరానాడు మటన్ లేకపోతే తెలంగాణలో అల్లుడు అత్తారింటి గడప తొక్కడు. జమ్మి లేకపోయినా పండగ జరుగుతుందేమో గానీ, పొయ్యి మీద కూర ఉడకని దసరాను మా నల్గొండ వైపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మిగతా సగం తప్పు మా అపార్ట్‌మెంటులో 402 ఫ్లాట్ ఆయనది. రిటైరైన లెక్కల లెక్చరర్. "ముందురోజు కొట్టు కాడ లైన్ల నిలబడుడెందుకన్నా? ఐదిండ్లం కలిసి రెండు పొట్టేళ్లు తెద్దాం. బతికున్న తూకానికి కొంటే కిలోకు నూటయాభై మిగులుతది" అన్నాడు. లెక్కల మనిషి చెప్పాక కాదనేదేముంది? బతికున్న తూకంలో తోలుంటుంది, కొమ్ములుంటాయి, గిట్టలుంటాయి, పొద్దున మేసిన గడ్డి ఉంటుంది, తూచే ముందు ప్రేమగా తాగించిన నీళ్లుంటాయి, అన్నింటికీ ఒకటే ధర. రెండు పొట్టేళ్లు కలిపి డెబ్బై రెండు కిలోలు. కోసి ఒలిచాక చేతికొచ్చింది ముప్పై మూడు. సగం కూడా లేదు. 402 ఆయన మొహం చూడాల్సింది. ముప్పై ఏళ్లు పిల్లలకు శాతాలు చెప్పిన మొహం అది.

సరే, ఇక పోగులు. ఇక్కడ కొంచెం ఆగాలి, నాకు ఆ సాయంత్రం ఇంకా అరగలేదు.

ఘట్‌కేసర్ దాటాక 203 ఆయనకో ప్లాటుంది. అక్కడ టార్పాలిన్ పరిచి ఐదు పోగులు పెట్టడం మొదలుపెట్టాం. కండను ఐదు భాగాలు చేయొచ్చు, తరాజు ఉంది. ఎముకలనూ చేయొచ్చు. కానీ పొట్టేలును సృష్టించిన దేవుడు మా ఐదు ఫ్లాట్లను దృష్టిలో పెట్టుకోలేదు. రెండు పొట్టేళ్లకు ఎనిమిది కాళ్లు. ఇంటికి ఒకటి చొప్పున ఇస్తే మూడు మిగులుతాయి. అసలు ఒక్క కాలితో పాయా ఏమవుతుంది, ఆ గిన్నెలో అది కుంటుతుంది. తలకాయలు రెండు, ఆశపడ్డవాళ్లు నలుగురు. కార్జాలు రెండు, వాటిని ముక్కలు చేసి పంచొచ్చన్నాడు కోసేటాయన. అయితే తిల్లి సంగతేంటి? అది అరచేతిలో సగం ఉంటుంది. దాన్ని ఐదు ముక్కలు చేస్తే తిన్నట్టు కూడా తెలియదు. గుర్దాలు నాలుగు. 304 ఆయన అప్పటిదాకా అన్నింటికీ "నాకేదైనా ఓకే" అంటూ వచ్చి, గుర్దాల దగ్గర మాత్రం గొంతు సవరించుకున్నాడు. పొట్టేళ్లు గనక ఇంకో నాలుగు వస్తువులు కూడా ఉన్నాయి. వాటి మీద జరిగిన చర్చను ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో రాయలేను.

402 ఆయన జేబులోంచి కాగితం తీశాడు. ఒక తలకాయ ఈజ్ ఈక్వల్ టు నాలుగు కాళ్లు. ఒక గుర్దా ఈజ్ ఈక్వల్ టు పావుకిలో బోటి. బోటి వద్దనే వాళ్లకు దాని బదులు అరపావు కీమా. "మరి మెదడు తలకాయల లెక్కనా, విడిగనా?" అని 101 ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కాగితం వెనక్కి తిరిగింది. చీకటి పడింది. సెల్‌ఫోన్ టార్చిల వెలుగులో ఐదుగురు చదువుకున్న మనుషులం ఒక పేగు పొడవు గురించి వాదించుకున్నాం.

చివరికి కోసేటాయనే విసుగొచ్చి, "సార్లూ, ఒకలు అటు తిరుగుండ్రి" అన్నాడు. మా ఊళ్లో పద్ధతి అదే, మరిచేపోయాం. పోగులన్నీ కంటికి సమానంగా పెడతారు. ఒకడు వీపు తిప్పి నిలబడతాడు. ఇంకొకడు ఏదో ఒక పోగు మీద చెయ్యి పెట్టి "ఇదెవరిది?" అంటాడు. అటు తిరిగినవాడు నోటికొచ్చిన పేరు చెబుతాడు. ఇక దాని మీద అప్పీలు లేదు. రెండు నిమిషాల్లో అయిపోయింది. నాకు వచ్చినవి ఆరున్నర కిలోలు, అందులో ఒక తలకాయ, మూడు కాళ్లు. నాలుగోది ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. పది రోజులుగా లిఫ్టులో ఎదురైనప్పుడల్లా ఆయన వాతావరణం గురించి మాట్లాడుతున్నాడు.

ఇంటికి తెచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. పండగకు కిలోన్నర పక్కన పెట్టి మిగతాదంతా కవర్లలో కట్టి పైకెక్కించాం. ఆ కవర్లకు, మార్కర్ పెన్నుకు, రెండు ప్లాస్టిక్ డబ్బాలకు అయిన ఖర్చు 402 ఆయన లెక్కలో లేదు. మా ఆవిడ ప్రతి కవరు మీద 'మ' అని రాసింది. మటన్‌కు మ. ఫ్రీజర్‌లో అప్పటికే 'మ' కవర్లు నాలుగున్నాయని, అవి ఎండాకాలం దాచిన మామిడికాయ ముక్కలని మర్నాటిదాకా ఎవరికీ గుర్తులేదు. ఒక మూలన చింతచిగురు కూడా ఉంది. చింతచిగురు దొరికినప్పుడు మటన్ లేదు, మటన్ దొరికినప్పుడు చూద్దామని ఏప్రిల్‌లో దాచాం. ఇప్పుడు రెండూ ఒకే అరలో, ఒకదానికొకటి ఆనుకుని, రాళ్లై పడి ఉన్నాయి.

తర్వాత తెలిసింది, మేం చేసినవన్నీ తప్పులేనని. కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుందట, ఆ తర్వాత మెల్లగా సడలుతుందట. ఒక రోజు కింది అరలో చల్లగా ఉంచి, అప్పుడు పైకి పంపాలి. మేం బిగుసుకునే టైము కూడా ఇవ్వకుండా పంపేశాం. అది ఆ పని మర్చిపోలేదు, వాయిదా వేసుకుంది. కరిగించిన రోజు తీరిగ్గా బిగుసుకుంది. పైగా ఐదు కిలోలు ఒక్కసారే కుక్కితే ఇంటి ఫ్రీజరు ఏం చేస్తుంది పాపం? మైనస్ 18 డిగ్రీలకు తీసుకుపోవడానికి దానికి ఎన్నో గంటలు పడుతుంది. ఎంత నెమ్మదిగా గడ్డకడితే లోపల మంచు పలుకులు అంత పెద్దవవుతాయి, అవి కండను పొడిచేస్తాయి. కరిగినప్పుడు రసమంతా ఎర్రటి నీళ్లై గిన్నెలోకి కారిపోతుంది. అది రక్తం కాదు, కండలోని రంగు అని నేను వివరించాను. "ఏదైతేంది, పారబోసేది నేను" అంది మా ఆవిడ.

అయిదో తారీఖు రాత్రి మూడు గంటలు కరెంటు పోయింది. కంగారు పడొద్దని, తలుపు తెరవకుండా ఉంటే నిండు ఫ్రీజరు రెండు రోజులు చల్లదనం నిలుపుకుంటుందని ఎక్కడో చదివింది చెప్పి ధైర్యం చెప్పబోయాను. షరతు దగ్గర నా గొంతు పడిపోయింది. తలుపు తెరవకుండా ఉంటే.

బుధవారం వండాం. ఆరు విజిల్స్‌కు ఉడకలేదు. బొప్పాయి కాయ ముక్క వేసి ఇంకో ఆరు. అప్పటికి పైనుంచి 304 వాళ్ల కుక్కరు, దాని మీద నుంచి 402 వాళ్ల కుక్కరు కూడా మొదలయ్యాయి. కాసేపు మా అపార్ట్‌మెంటు కాజీపేట జంక్షన్‌లా ఉంది.

ఇంతా చేసి బుధవారమే ఎందుకంటారా? అదే అసలు గోస. సోమవారం శివుడిది. మంగళవారం ఆంజనేయస్వామిది. గురువారం సాయిబాబాది. శుక్రవారం లక్ష్మీదేవిది. శనివారం వెంకన్నది. దసరా గురువారం పడినా పండగ గనక బాబా ఏమీ అనుకోడని మినహాయింపు ఇచ్చుకున్నాం, ప్రతి వారం అలా ఇచ్చుకోలేం. అక్టోబరు 22 నుంచి కార్తీకం, ఇక నెల రోజులు ఉల్లిపాయ కూడా అనుమానమే. వేళ్ల మీద లెక్కపెట్టాను: 5, 8, 12, 15, 19. మొత్తం ఐదు రోజులు, ఐదు కిలోలు, ఇద్దరం మనుషులం. అందులో ఒకరికి డాక్టరు నెలకోసారి, అదీ రెండు ముక్కలు అని రాసిచ్చాడు. అమ్మాయి బెంగళూరులో ఉంది. ఫోన్‌లో చెబితే "ఎందుకు నాన్నా, ఆర్డర్ పెట్టుకుంటే వచ్చేస్తుంది కదా" అంది.

రాత్రిళ్లు ఆ మూలుగు వింటూ పడుకుంటే గాంధీగారు గుర్తొస్తాడు. చిన్నప్పుడు స్నేహితుడి మాట విని మేక మాంసం తిన్నాడాయన. ఆ రాత్రి కడుపులో మేక అరుస్తున్నట్టనిపించి నిద్ర పట్టలేదని ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయనకు ఒక్క రాత్రి. కడుపులో. నాకు వంటింట్లో, పది రాత్రుల నుంచి, అదీ కరెంటు బిల్లుతో.

చిన్నప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. దసరాకు పోగు తెస్తే మర్నాటికల్లా అవ్వాలి, లేకపోతే వాసనొస్తుంది. అందుకని మా అమ్మ వండేటప్పుడే గిన్నెలు వరస పెట్టేది. ఇది వెనకింటి అవ్వకు, ఇది పంతులుగారి ఇంట్లో పనిచేసే ఆమెకు, ఇది కాళ్లు పడిపోయిన మా పెద్దనాయనకు. నేను మోసేవాణ్ని. మిగిలిన కండకు ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఎండేసేది, అవే ఒట్టి తునకలు. కాకుల్ని తోలడానికి కట్టె పట్టుకుని నేనే కాపలా. వానాకాలంలో ఆ తునకలు కూడా చారెడు చారెడు అడిగినవాళ్లకు పోయేవి. మా అమ్మ మహా దానశీలి అని చెప్పడం లేదు. కొసరు కోసం కూరగాయలామెతో అరగంట పోట్లాడే మనిషే. పెట్టకపోతే పాడవుతుంది, అంతే. మా ఫ్రీజర్‌లో ఏదీ పాడవదు. ఆ కవర్ల ముందు నిలబడితే ఒక్కటి ఎవరికైనా ఇద్దామన్న ఊహ పది రోజుల్లో ఒక్కసారీ రాలేదు నాకు.

వచ్చింది ఇవాళే, అదీ తలుపు మూద్దామనే స్వార్థంతో. కింద వాచ్‌మన్ కుటుంబముంది, మహబూబ్‌నగర్ వైపు వాళ్లు. ఆ రాత్రి ఐదిళ్ల సంచులూ కారులోంచి దింపి, లిఫ్టులో ఒక్కో గుమ్మానికి చేర్చింది ఆయనే. కారే సంచి ఒకటి కింద చెయ్యి పెట్టి మోశాడు. ఐదుగురిలో ఎవరో ఒకరు ఇచ్చి ఉంటారని ఐదుగురమూ అనుకున్నాం. దసరా సాయంత్రం ఆయన కొడుకు పైకొచ్చి, నా చేతిలో జమ్మి ఆకు పెట్టి "బంగారం సార్" అని కాళ్లకు దండం పెట్టాడు. వాడికి యాభై రూపాయల నోటిచ్చాను. ఫ్రీజరు వాడికి మూడడుగుల దూరంలో ఉంది.

చున్నీ విప్పి, ఆ తొడ ఎముక ఉన్న పెద్ద కవరే లాగాను. కిలోన్నర ఉంటుంది. ఆశ్చర్యం, తలుపు మూసుకుంది. చప్పుడు లేకుండా, రబ్బరు అతుక్కునేలాగ, పది రోజుల్లో మొదటిసారి. ఆ కవరు పట్టుకుని కిందికి దిగాను.

వాచ్‌మన్ భార్య బయట బట్టలు పిండుతోంది. కవరు చూసి చేతులు తుడుచుకుని లేచింది. "అయ్యో, ఇయ్యాల శనివారం గద సార్. మేం ముట్టం" అంది. రేపు వండుకోమన్నాను. "రేపటిదాంక యాడ పెట్టాలె సార్, మాకు ఫ్రిజ్ లేదాయె." కాసేపు ఆలోచించి, నన్ను నొప్పించకూడదన్నట్టు మెల్లగా, "మీ ఇంట్లనే ఉంచుండ్రి సార్. పొద్దుగాల పిల్లగాన్ని పంపుత" అంది.

పైకి తెచ్చాను. మా ఆవిడ 'మ' కొట్టేసి పక్కన 'వా' అని రాసింది. లోపల పెట్టి నొక్కాను. తలుపు మూసుకుంది. అటు తిరిగి రెండడుగులు వేశాను.

టప్.