చుట్టు మెట్ల పద్యం: టీకా తాత్పర్యం

మూలం:
ఆ. ఇనుప గుంజ నడుమ నెనిమిదంగుళముల
మెట్టు మెట్టు చుట్టి మీదికెక్కు
చోటు తక్కువైన సొంతింటివారికి
చుట్టు మెట్లె చాలు, సోఫ యెట్లు?

టీక: ఇనుప గుంజ = మూడు నాలుగంగుళాల పైపు; నడుమ = గుండు కట్టి చూసి, సరిగ్గా మధ్యన నిలపగా; ఎనిమిదంగుళముల = అంత ఎత్తున ఒకదానిపై ఒకటి వచ్చే; మెట్టు మెట్టు = ప్రతి మెట్టునూ; చుట్టి = ప్రదక్షిణంగా తిరిగి; మీదికెక్కు = పై అంతస్తు చేరే; చోటు తక్కువైన = ముస్తాబాద్, సిరిసిల్ల ఇళ్లలో కింది జాగ సాంచాలకే సరిపోయిన; సొంతింటివారికి = గృహస్థులకు; చుట్టు మెట్లె చాలు = ఇవే దిక్కు; సోఫ యెట్లు = సోఫా ఎట్లా ఎక్కాలి?

తాత్పర్యం: మనిషి ఎక్కుతాడు, సామాను ఎక్కదు.

విశేషాలు: ‘ఎనిమిదంగుళముల’ అన్నది పాదపూరణం కాదు. నేల నుంచి పై స్లాబు మట్టానికి పదడుగులు, అంటే 120 అంగుళాలు ఉంటే, ఎనిమిదితో భాగించగా 15 వస్తుంది. పదిహేనోది స్లాబే కనుక వెల్డర్ కోయవలసిన రేకులు 14. ఒక్కొక్కటి 30 డిగ్రీల ముక్క అయితే పన్నెండింటికి ఒక చుట్టు పూర్తై, 96 అంగుళాల ఎత్తు వస్తుంది. తలకు జాగ మిగులుతుంది. స్లాబును కలిపే పై పలకను మరీ వెడల్పు చేస్తేనే దాని కింద నడిచేవాడి నెత్తికి బొప్పి.

కవి వ్యాసం చెప్పకపోవడం పెద్ద లోపం. జాతీయ భవన నిర్మాణ నియమావళి చుట్టు మెట్లకు కనీసం 150 సెంటీమీటర్ల వ్యాసం అడుగుతుంది. జనం తక్కువగా తిరిగే చోటుకే వాటిని పరిమితం చేస్తుంది. ఐదడుగుల వ్యాసం తీసుకుంటే, గుంజ మధ్య నుంచి 20 అంగుళాల దూరంలో కాలు మోపడానికి పదిన్నర అంగుళాలు దొరుకుతుంది. గుంజ దగ్గర బొటనవేలికి కూడా చాలదు. పిల్లలు మాత్రం అక్కడే ఎక్కుతారు.

‘చుట్టి’ అన్నచోట ప్రదక్షిణమని చెప్పింది భక్తితో కాదు. ఎక్కేటప్పుడు కుడికి తిరిగితే గుంజ కుడి పక్కన ఉంటుంది. దిగేటప్పుడు అది ఎడమకు పోయి, బయటి రేలింగు కుడిచేతికి అందుతుంది. కాలు జారే భయం దిగేటప్పుడే ఎక్కువ.

రేకును మోసేది గుంజ వైపు అతుకే. బయటి కొసన బరువు పడితే ఆ అతుకు మీదే లాగుడు. అందుకే రేకు కింద బద్దీ వేసి, బయటి కొసలను నిలువు చువ్వలతో ఒకదానికొకటి కలుపుతారు. 1591 నాటి చార్మినార్‌కు ఈ చిక్కు లేదు: మినారు లోపలి 149 మెట్ల బయటి కొసలకు గోడే ఆధారం.

చివరి పాదంలో సోఫా ‘సోఫ’ కావడం ఛందస్సు కోసం. పద్యంలో కురచబడిన సోఫా మెట్ల మీద కురచబడదు. బీరువాదీ అదే గతి. పై పిట్టగోడ కట్టకముందే రెండింటినీ మోకులతో బయటి నుంచి పైకి లాగించుకోవాలి.