దైవత్వ ధ్రువీకరణ పత్రం

కులానికి తహసీల్దారు సంతకం, ఆదాయానికి తహసీల్దారు సంతకం, ఇంకా బతికే ఉన్నామనడానికి ఏడాదికోసారి పెన్షనాఫీసులో వేలిముద్ర. ఉన్నవాడు ఉన్నానంటే మన దగ్గర చెల్లదు, కాగితం మీద గుండ్రటి ముద్ర పడాలి. ఇన్నాళ్ళూ ఆ బాధ లేనివాడు దేవుడొక్కడే. ఆయన కాగితం మీసేవలో దొరకదు కాబట్టి భక్తులు అమెరికాలో ఒక కౌంటరు చూసుకున్నారు. దాని పేరు నాసా.

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని వచ్చి అన్నం ముందు కూర్చున్నానో లేదో, డల్లాస్ నుంచి మా మేనల్లుడి వాట్సాప్. "మామయ్యా, బైబిల్లో తప్పిపోయిన రోజును నాసా కనిపెట్టింది. ఇక నాస్తికుల నోళ్ళు మూతపడ్డట్టే."

కథ మీకూ వచ్చే ఉంటుంది. గిబియోను దగ్గర యుద్ధంలో యెహోషువ సూర్యుణ్ణి ఆగమన్నాడని పాత నిబంధన చెబుతుంది. మేరీల్యాండ్‌లోని గోడార్డ్ కేంద్రంలో శాస్త్రవేత్తలు గ్రహాల దారుల్ని వెనక్కి లెక్కకడుతుంటే కంప్యూటరు ఠక్కున ఆగిపోయిందట. ఒక రోజు తక్కువ! వాళ్ళలో ఒకాయనకు సండే స్కూలు గుర్తొచ్చి బైబిలు తెచ్చాడు. యెహోషువ పద్దులో 23 గంటల 20 నిమిషాలు జమ పడ్డాయి. మిగతా 40 నిమిషాలో? హిజ్కియా రాజు కోసం నీడ పది మెట్లు వెనక్కి నడిచింది కదా, అవి ఇవే. చిల్లరతో సహా చెల్లు.

దీన్ని అమెరికాలో ఊరూరా చెప్పి పేరు తెచ్చుకున్నవాడు హెరాల్డ్ హిల్ అనే ఇంజిన్ల వ్యాపారి. మాకేమీ తెలియదంది నాసా. ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు అని అడిగితే, ఆ వివరాలు ఎక్కడో పెట్టి మరిచిపోయానన్నాడాయన. మూడు వేల ఏళ్ళ నాటి రోజు దొరికింది గానీ మొన్నటి కాగితం దొరకలేదు. అసలు లెక్క ఆయనది కూడా కాదు. చార్లెస్ టాటెన్ అనే సైనికాధికారి కంప్యూటరు ఊసు లేకుండానే 1890లో దాన్ని పుస్తకంగా వేశాడు. పోనీ లెక్కయినా కుదురుతుందా అంటే, ఆనాడు సూర్యుడు ఫలానా చోట ఉన్నాడని ఎవరో చూసి రాసి ఉంటేనే తేడా తేలుతుంది. అవతలి ఖాతా లేకుండా ఇవతలి ఖాతాలో ఎంత తగ్గిందో ఏ గుమాస్తా చెప్పగలడు?

క్రైస్తవులే ఇలా అనుకోకండి. రామసేతువుకు నాసా ఫొటో, సూర్యుడిలో ఓంకారానికి నాసా రికార్డింగు మా ఎదురింటాయన పంపుతూనే ఉంటారు. ఇంత సర్వమత సమభావం ఉన్న ఆఫీసు మన సచివాలయంలో కూడా లేదు.

నాసా వద్దంటే ఇటలీ ఉంది. టూరిన్ నగరంలో నాలుగు మీటర్లకు పైగా పొడవున్న ఒక నారబట్ట ఉంది. దాని మీద గాయాలతో ఉన్న మనిషి రూపం ముందూ వెనకా పడింది. ప్రభువును సమాధిలో చుట్టిన బట్ట ఇదేనంటారు. ఫ్రాన్సులో లీరే అనే పల్లెలో 1350ల ప్రాంతంలో మొదటిసారి జనం ముందుకొచ్చింది. దాన్ని మొట్టమొదట శంకించింది ఏ హేతువాద సంఘమో కాదు, ఒక బిషప్పు. ఇది చిత్రకారుడి చేతిపని అని ముందున్న బిషప్పు విచారించి తేల్చాడని 1389లో పియేర్ దార్సీ అనే బిషప్పు పోపుకు రాశాడు. ఆరు వందల ఏళ్ళకు, 1988లో, ఆక్స్‌ఫర్డ్, జ్యూరిక్, అరిజోనా ప్రయోగశాలలు దాని ముక్కలకు కార్బన్ పరీక్ష చేశాయి. 1260కీ 1390కీ మధ్య బట్ట అని తేలింది. ఆ మాట ప్రకటించింది టూరిన్ కార్డినలే.

అంతవరకు పరీక్ష జరగాలని పట్టుబట్టిన వాళ్ళు మర్నాటి నుంచి పరీక్షనే పరీక్షించడం మొదలుపెట్టారు. అగ్నిప్రమాదం వల్ల తేడా వచ్చిందన్నారొకరు. సన్యాసినులు అతుకు వేసిన చోటే కత్తిరించారన్నారు మరొకరు. అన్నిటికన్నా నాకు నచ్చింది న్యూట్రాన్ వాదం. పునరుత్థాన క్షణంలో దేహం నుంచి న్యూట్రాన్లు వెలువడి బట్టలోని కార్బన్‌ను మార్చేశాయట. ఇది 1989లో నేచర్ పత్రికకు ఒక భౌతికశాస్త్రవేత్త రాసిన ఉత్తరం. అలాగైతే ఇక కొలవడం దేనికని ఆక్స్‌ఫర్డ్ వారు జవాబిచ్చారు. నా సందేహం అంతకన్నా చిన్నది. మృత్యువును గెలిచిన ఆ మహాశక్తి బట్ట వయసును ఎటు జరిపింది? గురి చూసినట్టు, అది లీరేలో బయటపడ్డ కాలానికే. ఇక మా మేనల్లుడి ఇంకో ఫార్వర్డు ప్రకారం, ఎక్స్‌రే పరీక్షలో బట్ట రెండు వేల ఏళ్ళదని తేలిపోయింది. రెండు వేల ఏళ్ళ నాటిది కావచ్చని ఒక పరిశోధన అన్నమాట నిజమే, దానికో షరతు ఉందన్నదీ నిజమే. ఆ 2022 ఇటలీ పరిశోధన ప్రకారం బట్ట పదమూడు శతాబ్దాలు సుమారు 20 నుంచి 22 డిగ్రీల చల్లదనంలో ఉండి ఉండాలి. ఏసీ బీరువా లేని కాలంలో అదెలా సాధ్యమో ఫార్వర్డులో రాయలేదు.

అవిశ్వాసులు తక్కువ తిన్నారా? బట్ట మధ్యయుగానిదని తెలియగానే క్రైస్తవమే కూలిపోయినట్టు పండగ చేసుకున్నారు. గోడ మీద ఫొటో తాతయ్యది కాదని తేలితే తాతయ్యే లేడన్నంత తర్కం అది.

బైబిల్లోనూ ముద్ర అడిగినవాడున్నాడు, తోమా. మేకుల గాయాల్లో వేలు పెట్టి చూస్తే గానీ నమ్మనన్నాడు. ఎనిమిది రోజులకు ప్రభువే వచ్చి చెయ్యి చాపమన్నాడు. తీరా తోమా వేలు పెట్టాడో లేదో సువార్త చెప్పదు. కళ్ళెదుట గాయం ఉంటే వేలు గుర్తురాలేదేమో. ఆ అనుమానపు మనిషే మన మద్రాసు దాకా వచ్చి ప్రాణం ఇచ్చాడని సంప్రదాయం, ఆయన పేరుతో అక్కడ కొండే ఉంది. మన ఫార్వర్డు వీరులు మాత్రం వేలు పెట్టేది ఫోను తెర మీదే.

మా వాళ్ళు కిరస్తానంలో కలిసినప్పుడు నాసా లేదు. 1876లో మొదలైన కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళు గుత్తకు తీసుకుని మాదిగపల్లెల జనానికి పని ఇచ్చాడు. గంజికోసం కలిశారన్న మాట రాకూడదని పని సాగినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. అయినా ఆ మాట వచ్చింది, నేటికీ వస్తోంది. కరువు సాయం ఆగాక, ఇచ్చేందుకు గంజి కూడా లేనప్పుడు, జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. మా నాయనమ్మకు నాయనమ్మ ఆ రోజు నీళ్ళలో ఉందని ఇంట్లో చెప్పుకుంటారు. ఆమె ఎందుకు నమ్మిందని నాయనమ్మను అడిగితే ఒకటే చెప్పేది: "ఊళ్ళో ఎవరూ ముట్టుకోని మనిషిని పట్టుకుని నీళ్ళలోంచి లేపార్రా. నీకింకేం కావాలి?" ఆ జవాబుతో యేసు దేవుడని రుజువు కాదు, నాకు తెలుసు. కానీ దాన్ని కొట్టేసే కార్బన్ పరీక్షా నాకు కనబడలేదు.

ఇదంతా ఓపిగ్గా టైపు చేసి మేనల్లుడికి పంపాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది.

"మామయ్యా, 2,222! నాలుగూ రెళ్ళే! మామూలు నంబరు కాదిది. దీన్ని సైంటిఫిక్‌గా ఎవరైనా ప్రూవ్ చేశారా?"