817 కిలోమీటర్ల ఎత్తు నుంచి పాడేరు

ఆకాశంలో తిరిగే కెమెరా తన కథ తాను చెప్పుకోబోతే "నేను" అనదు. సాధువులు తమను "ఈ కట్టె" అని చెప్పుకున్నట్టు, ఇది తనను "ఈ కన్ను" అంటుంది. కాగితాల మీద దీని పేరు లిస్-3. రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహంలో ఉన్న మూడు కెమెరాల్లో ఇది నడిమిది. ఒకటి దేశాన్ని వెడల్పుగా, కాస్త మసగ్గా చూస్తుంది. ఇంకొకటి ఇరుకుగా, సన్నగా చూస్తుంది. అడవుల లెక్క మాత్రం ఈ నడిమి దాని వంతుకే వచ్చింది.

ఈ కన్ను 2011 ఏప్రిల్ 20న శ్రీహరికోటలో నేల విడిచింది. పీఎస్‌ఎల్‌వీ-సీ16 రాకెట్ మీద 1,206 కిలోల ఉపగ్రహంలో కూర్చుని, యూత్‌శాట్, సింగపూర్‌వారి ఎక్స్‌శాట్ తోడు రాగా, 817 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. ఐదేళ్లు పనిచేయాలని పంపారు. 2019 చివర్లో తీసిన బొమ్మలతో కూడా దేశం తన అడవిని కొలుచుకుంది.

రోజుకు 14 చుట్లు. ఒక్కో చూపు వెడల్పు 141 కిలోమీటర్లు. విశాఖ తీరమూ పాడేరు ఘాట్ రోడ్డూ ఒకే పట్టీలో ఇమిడిపోతాయి. మళ్లీ అదే దారిన పాడేరు మీదికి రావడానికి 24 రోజులు పడుతుంది. వచ్చేసరికి కింద ఉదయం పదిన్నర అవుతుంది. వంజంగి కొండ మీద మేఘాల సముద్రాన్ని చూడ్డానికి తెల్లవారుజామునే ఎక్కినవాళ్లు దిగిపోయి, లంబసింగి పొగమంచు విడిపోయే వేళ అది. జనం అంత దూరం వెళ్లి చూసే ఆ మేఘమే ఈ కన్నుకు గంత. ఒక రోజు మబ్బు కమ్మితే మరో 24 రోజులు ఆగాలి. వానాకాలమంతా ఇంచుమించు ఇదే పరిస్థితి. అందుకే అడవి లెక్కకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీసిన బొమ్మలు వాడతారు. అప్పటికి ఆకాశం తేటపడుతుంది, చెట్ల మీద ఆకు ఇంకా రాలదు.

సరిగ్గా ఆ నెలల్లోనే అరకు లోయ వలిసె పూలతో పసుపు పరుచుకుంటుంది. ఈ కన్నుకు ఆ పసుపు తెలియదు. దీనికి నీలం చూపు లేదు. ఉన్నవి నాలుగే: ఆకుపచ్చ, ఎరుపు, మనిషి కంటికి అందని పరారుణ కాంతిలో రెండు పట్టీలు. ఆకు తన ఆహారం వండుకోవడానికి ఎర్రటి వెలుగును మింగేసి, దగ్గరి పరారుణాన్ని వెనక్కి కొడుతుంది. ఎంత మింగింది, ఎంత కొట్టింది అన్న తేడాయే చెట్టు ఆరోగ్యానికి నాడి. నాలుగో పట్టీ ఆకులోని తడిని పసిగడుతుంది. హైదరాబాద్ దగ్గరి షాద్‌నగర్ కేంద్రంలో దిగిన ఈ సంకేతాలను, దగ్గరి పరారుణానికి ఎరుపు రంగు ఇచ్చి, బొమ్మగా కూర్చినప్పుడు దట్టమైన అడవి ముదురు ఎరుపులో కనిపిస్తుంది. చింతపల్లి, గూడెం కొత్తవీధి కొండలు ఆ బొమ్మల్లో కుంకుమ రాశుల్లా ఉంటాయి.

ఈ కన్ను పుట్టకముందు కథ కూడా చెప్పాలి. 1972లో అమెరికా లాండ్‌శాట్ ఎగిరింది. దాని బొమ్మలతో హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ 1972-75, 1980-82 కాలాలను పోల్చి చూసింది. దేశ భూభాగంలో అడవి 16.89 శాతం నుంచి 14.10 శాతానికి పడిపోయిందని తేలింది. అంతవరకూ రికార్డుల్లో రాసుకున్న అడవే అడవి. ఆ రాతకూ కొండ మీద నిలబడిన చెట్టుకూ మధ్య ఎంత దూరం ఉందో దేశం మొదటిసారి పైనుంచి చూసింది. 1981లో డెహ్రాడూన్‌లో భారత అటవీ సర్వే సంస్థ ఏర్పడింది. 1987 నుంచి రెండేళ్లకొకసారి నివేదిక ఇవ్వడం మొదలుపెట్టింది. కొలబద్ద పట్టుకుని ఇంత పెద్ద దేశాన్ని ఇన్ని దశాబ్దాలు విడవకుండా కొలవడం గొప్ప పని. ఆ వరసలో తానొక మెట్టు అయినందుకు ఈ కన్ను గర్వపడుతుంది.

అయితే కొలబద్ద ఏమంటుందో వినాలి. హెక్టారు, అంతకు పైబడిన నేలలో చెట్ల తలలు కనీసం పది శాతం కప్పితే అది అడవి విస్తీర్ణమే. ఆ నేల ఎవరిదన్నది చూడరు. ఏ జాతి చెట్టన్నదీ చూడరు. డెబ్బై శాతం దాటితే మిక్కిలి దట్టమైన అడవి, నలభై నుంచి డెబ్బై మధ్యస్థం, దానికి దిగువన పలచన.

ఈ కన్ను బొమ్మలో ఒక్కో చుక్క 23.5 మీటర్ల చదరం. మన లెక్కలో పదమూడున్నర సెంట్లు. ఆ పదమూడున్నర సెంట్లలో ఉన్న పనస, ఉసిరి, బండరాయి, గెడ్డ ఒడ్డు అన్నీ కలిసి ఒకే రంగుగా వస్తాయి. దట్టమైన అడవి నడుమ ఎకరం పోడు కొడితే ఏడెనిమిది చుక్కలు రంగు మారతాయి. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు కాబట్టి, ఒంటరిగా ఉన్న ఆ ఎకరం జాతీయ లెక్కలో నిలవకపోవచ్చు. ఒక కుటుంబానికి మాత్రం ఆ ఏడాది చోళ్లు, సామలు అక్కడే పండాలి.

పాడేరు ఏజెన్సీలో ఈ కన్ను చూసిన అన్నిటికన్నా పెద్ద సంగతి కాఫీ. పదకొండు మండలాల్లో లక్ష ఎకరాలకు పైగా కాఫీ తోటలు పరుచుకున్నాయి. చాలావరకు గిరిజన కుటుంబాల ఎకరం, రెండెకరాల తోటలే. కాఫీకి నీడ కావాలి. ఆ నీడ కోసం ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్ నాటారు. నిటారుగా, తొందరగా పెరుగుతుంది. దాని మానుకు మిరియాల తీగ పాకిస్తారు. పోడు కొట్టి బోడిగా మిగిలిన వాలు మీద ఈ చెట్లు ఎదిగితే కొన్నేళ్లకు ఆ చోటు బొమ్మలో మట్టి రంగు వదిలి ఎరుపెక్కుతుంది. ఇది మంచి మార్పే. మట్టి కోసుకుపోదు, ఇంట్లోకి డబ్బు వస్తుంది. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

కానీ సిల్వర్ ఓక్ ఎరుపూ, మద్ది, కరక్కాయ, ఇప్ప, అడ్డతీగ అల్లుకున్న కొండ ఎరుపూ డిసెంబరు బొమ్మలో ఇంచుమించు ఒకటే. కొండ అడవి కింద అడ్డాకు దొరుకుతుంది, తేనెపట్టు దొరుకుతుంది, సంతకు మోసుకెళ్లడానికి ఉసిరికాయలు దొరుకుతాయి. సిల్వర్ ఓక్ కింద కాఫీ గింజ దొరుకుతుంది. 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్ 647 చదరపు కిలోమీటర్ల పెరుగుదలతో దేశంలో ముందు నిలిచింది. అలాంటి అంకె విన్నప్పుడల్లా ఏ అడవి పెరిగిందని అడగాలి.

ఆ తేడా 2014 అక్టోబరు 12న గాలి విప్పి చూపింది. విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను కొండల మీదికి ఎక్కింది. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్‌లు వరసలు వరసలుగా కూలాయి. నీడ పోయింది. కూలిన మానుల కింద కాఫీ మొక్కలు నలిగాయి, మిరియాల తీగలు తెగాయి. ఒకే వయసు చెట్లు ఒకే ఎత్తున నిలబడిన చోట గాలికి అడ్డం ఉండదు.

మంటల సంగతి ఈ కన్నుకు చేతకాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా మన్యంలో నిప్పు లేస్తుంది. 24 రోజులకొకసారి వచ్చే చూపు దాన్ని పట్టుకోలేదు. ఆ పని మోడిస్, విర్స్ అనే విదేశీ పరికరాలు చేస్తాయి. వాటి ఆధారంగా డెహ్రాడూన్ నుంచి హెచ్చరికలు అటవీ సిబ్బంది ఫోన్లకు చేరతాయి.

ఈ కన్ను అడిగేదల్లా రెండో చూపు. డిసెంబరు బొమ్మ పక్కన మార్చి బొమ్మ పెట్టాలి. అప్పటికి మద్ది, వేగిస వంటివి ఆకు రాల్చేస్తాయి. సిల్వర్ ఓక్ చాలావరకు ఆకుతోనే ఉంటుంది. రెండింటినీ పోల్చితే తోటలు చాలా మటుకు విడిపడతాయి. అయినా చిక్కు మిగులుతుంది. గెడ్డల వెంట ఉన్న మామిడి, పనస, నేరేడు కూడా వేసవిలో పచ్చగానే ఉంటాయి. ఆ చుక్క తోటదా, గెడ్డదా? ఆ జవాబు కింద తిరిగేవాళ్ల దగ్గరే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. కాబట్టి హుకుంపేటలోనో పెదబయలులోనో గ్రామసభ ముందు ఈ బొమ్మ పరచి, ఒక్కో ఎర్రమచ్చ ఏమిటో వాళ్లచేత చెప్పించి, దాన్ని డెహ్రాడూన్ లెక్కలో వేరే వరసగా రాయాలి. తోట ఎంత, అడవి ఎంత. పాడేరు పదకొండు మండలాల్లో మొదలుపెట్టవచ్చు. తోటల వివరాలు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) దగ్గర ఉన్నాయి, బొమ్మలు షాద్‌నగర్‌లో ఉన్నాయి.