ఆవిడ కాదురా, ఆయన!

మొన్న మా మనవడు సెల్‌ఫోను పట్టుకుని అరుగు మీదకొచ్చాడు. బళ్లో క్విజ్ పోటీ అట, గుంటూరు ప్రముఖుల మీద ప్రశ్నలట. "తాతయ్యా, ఈ నాయుడమ్మ గారెవరు? ఆవిడ ఏం కనిపెట్టింది?" అన్నాడు. నోట్లో చుట్ట ఉండబట్టి బతికిపోయాడు.

"ఆవిడ కాదురా, ఆయన" అన్నాను చుట్ట తీసి. మా వైపు మగపిల్లాడికి నాయుడమ్మ అని పేరు పెట్టడం వింతేం కాదు. ఇంతలో పక్కింటి కుర్రాడు అందుకున్నాడు: "నాకు తెలుసు బాబాయ్, అతుక్కుపుట్టిన పిల్లల్ని విడదీసిన డాక్టరు గారే కదా!" ఆయన యార్లగడ్డ నాయుడమ్మ గారు, గుంటూరు పెద్దాసుపత్రి పిల్లల సర్జను. గొప్పాయనే, కాదనను. నేను చెబుతున్నది యలవర్తి నాయుడమ్మ గారి సంగతి. ఈలోగా మనవడు ఫోన్లో వెతికేశాడు. "దొరికింది తాతయ్యా! తోళ్ల శాస్త్రవేత్త, 1985లో కనిష్క విమానంలో పోయారట. చాల్లే!" అని లేచి వెళ్లిపోయాడు.

అరవై రెండేళ్లు బతికిన మనిషిలో జనానికి మిగిలింది ఆఖరి రోజొక్కటే.

మా రోజుల్లో అయితే అలా కాదు అని దబాయించాలనే నోరు తెరిచాను. గుండె మీద చెయ్యేసుకుంటే మాట పెగల్లేదు. మా రోజుల్లోనూ ఆయన్ని సరిగ్గా చూసింది లేదు.

అప్పట్లో మా మెట్ట సేద్యం సగం తోలు మీదే నడిచేది. మిరపతోటకు బావిలోంచి నీళ్లు తోడే మోట బొక్కెన తోలుది. చేతిలో చర్నాకోల తోలుది. నల్లరేగడిలో పత్తి మోళ్లు దిగకుండా తొక్కుకుంటూ తిరిగిన కిర్రుచెప్పులూ తోలువే. అవి చేసిచ్చే మనుషులుండేది ఊరవతల. కళ్లంలో వాళ్లకు నాలుగు కుంచాలు గింజలు కొలిచి, వాళ్లు చేసిన చెప్పులేసుకుని, వాళ్లను మాత్రం గుమ్మం బయటే నిలబెట్టిన ఊళ్లు మావి. మా ఊరూ అంతే.

అలాంటి కాలంలో, 1922 సెప్టెంబరు 10న, తెనాలి దగ్గర యలవర్రులో ఒక రైతు ఇంట పుట్టిన కుర్రాడు బెనారస్ వెళ్లి రసాయన సాంకేతికం చదివాడు. మద్రాసులో, ఇంగ్లండులో తోళ్ల పని నేర్చాడు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తెచ్చుకున్నాడు. మా పెద్దవాళ్లు ఆయన పేరొస్తే మూతి తిప్పేవాళ్లు. "అంత చదివీ తోళ్లు పిసుక్కోవడం ఏం ఖర్మ?" అన్న మాట ఈ చెవులతో విన్నాను. 1971లో పద్మశ్రీ వచ్చింది, ఆ ఏడే ఢిల్లీలో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) డైరెక్టర్ జనరల్ అయ్యారు. అంతే, అవే నోళ్లు "మనవాడే, మన తెనాలి వాడే" అన్నాయి. తోలు ముట్టుకున్నంతకాలం పరాయివాడు, కుర్చీ ఎక్కాక మనవాడు.

ఇంతకీ ఆయన గొప్పతనం ఆ కుర్చీల్లో లేదు. మద్రాసు అడయారులో 1948లో పెట్టిన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 దాకా ఆయనే డైరెక్టరు. తోలు శుద్ధి అంటే ఏమిటో ఈ తరానికి తెలియదు. పచ్చితోలును సున్నం గుంతల్లో నానేసి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్కా కరక్కాయా వేసిన నీళ్లలో రోజుల తరబడి మగ్గబెట్టాలి. ఆ కంపు నాలుగు వీధుల అవతలికి కొడుతుంది. ఆ గుంతలో చెయ్యి పెట్టేవాడికి చదువు లేదు, చదివినవాడు ఆ గుంత దగ్గరికి పోడు. ఈ రెంటినీ కలపాలన్నది నాయుడమ్మ గారి పట్టుదల. పరిశోధన కాగితం మీద ఆగిపోకుండా తోళ్లు శుద్ధిచేసే చిన్నవాడి దాకా పోవాలన్నారు. తరవాత సీఎస్ఐఆర్‌లో ఉన్నప్పుడు కరీంనగర్ జిల్లాను తీసుకుని, శాస్త్రాన్ని పల్లెల పనికి పెట్టే ప్రయత్నమూ చేశారు.

అప్పట్లో మన దేశం పచ్చితోలూ, సగం శుద్ధి చేసిన తోలూ పైదేశాలకు పంపేది. బూట్లు వాళ్లు కుట్టుకునేవాళ్లు, లాభమూ వాళ్లదే. పూర్తిగా తయారైన తోలు, తోలు వస్తువులు ఇక్కడి నుంచే పోవాలన్న మలుపు 1970లలో వచ్చింది. దానికి కావలసిన మనుషులు, పద్ధతులు తయారైన చోట్లలో అడయారు సంస్థ ముఖ్యమైనది. గుంటూరు యార్డులో మిరపకాయ టిక్కీలు లారీలకెక్కుతుంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. యార్డు దాటాక ఆ కాయ ధర మన చేతిలో ఉండదు.

అలాగని దేవుణ్ణి చేయకండి. విగ్రహం పెట్టి దండ వేస్తే ఆ మనిషి గురించి మాట్లాడటం మానేస్తాం. తోళ్ల పరిశ్రమ పెరిగిన కొద్దీ తమిళనాడులో పాలారు ఒడ్డున వాణియంబాడి, ఆంబూరు వైపు నీళ్లూ నేలా పాడయ్యాయి. 1996లో సుప్రీంకోర్టు తోళ్ల కర్మాగారాల మీద గట్టి తీర్పే ఇచ్చింది. అది ఆయన ఒక్కడి తప్పు కాదు. కానీ పరిశ్రమ పెరగడం ఒక్కటే చాలదని, దాని మురుగు ఎటు పోతుందో కూడా శాస్త్రవేత్తే చూడాలని ఆ నేల చెబుతోంది. మాకిది కొత్త పాఠం కాదు. 1987 ప్రాంతాల్లో తెల్లదోమ మీద మందు మీద మందు కొట్టి, పత్తీ పోయి అప్పు మిగిలి, మా గుంటూరు, ప్రకాశం రైతులు కొందరు ప్రాణాలే తీసుకున్నారు.

మా రోజుల్లో సైంటిస్టు అంటే లాం వ్యవసాయ పరిశోధన ఫారం నుంచి వచ్చి, గట్టు మీద నిలబడి, ఆకు తిరగేసి చూసే మనిషి. మేం పండించిన జి-4 మిరప అక్కడిదే. ఇప్పుడు మా ఊళ్లో సైంటిస్టు ఎవరంటే మందుల కొట్టు యజమాని. ఆకు ఫొటో వాట్సాప్‌లో పెడితే సీసా పేరు పంపిస్తాడు. పిల్లలకేమో సైంటిస్టంటే రాకెట్టు, లేదా కంప్యూటరు ముందు తెల్లకోటు. తోలు గుంతలో చెయ్యి పెట్టినవాడూ సైంటిస్టే అంటే వాళ్లు నవ్వుతారు. మా పెద్దవాళ్లు మూతి తిప్పారు, వీళ్లు నవ్వుతారు, పెద్ద తేడా ఏం లేదు.

అయ్యా పంతుళ్లూ, అమ్మా టీచరమ్మలూ, మీకో మనవి. ఆయన గురించి చెప్పేటప్పుడు పదవుల జాబితా కాస్త పక్కన పెట్టండి. ఊరి అవతల ఉన్నవాళ్ల పనిలో శాస్త్రం ఉందని నమ్మి, ఆ పనికి జీవితం ఇచ్చిన రైతుబిడ్డ అని చెప్పండి. తంగేడు చెక్క ఒకటి తెచ్చి చూపించండి, పిల్లలు జన్మలో మరచిపోరు.

నిన్న క్విజ్ అయింది. మావాడికి ఆ ప్రశ్న రానే వచ్చింది: "విమాన ప్రమాదంలో మరణించిన గుంటూరు జిల్లా శాస్త్రవేత్త ఎవరు?" టక్కున చెప్పాడట, మార్కూ వచ్చిందట. సంతోషమే. కానీ 1985 జూన్ 23న 329 మందితో సముద్రంలో పడిన ఆ విమానానికి జరిగింది ప్రమాదం కాదురా నాయనా, అందులో బాంబు పెట్టారు. మిగిల్చుకున్న ఆ ఒక్క ముక్కా తప్పే.