సర్కారు వారి పెళ్లిచూపులు

పెళ్లి చేసుకోకుండా కాపురం చేస్తే చట్టం ఒప్పుకుంటుందా అని ఇప్పుడు తెగ చర్చ.

అండమాన్‌లో ఒకప్పుడు ఖైదీలకు పెళ్లిళ్ల పేరయ్య సాక్షాత్తూ బ్రిటిష్ సర్కారే.

పెళ్లిచూపులు పోర్ట్‌బ్లెయిర్ ఆడజైల్లో. వరుడు హత్య కేసు ఖైదీ. వధువుదీ హత్య కేసే, కొన్నిసార్లు మొదటి మొగుడిదే!

అయినా తాళి కట్టాడంటే... వీరచక్ర ఇవ్వాల్సింది.

జాతకాల్లేవు. కులం పట్టింపు చాలావరకు కాలాపానీలోనే కలిసింది. సూపరింటెండెంట్ దొరగారు సరే అంటే శుభలగ్నం.

ఇక స్వతంత్ర భారతం.

1978లో ఒక జంట కేసు సుప్రీంకోర్టుకెక్కింది. యాభై ఏళ్ల కాపురం. 'పెళ్లికి సాక్షులేరీ?' అన్నారు అవతలివాళ్లు. అర్ధశతాబ్దం తర్వాత సాక్షుల్ని తెమ్మంటే ఎవరు నెగ్గుతారయ్యా అని జస్టిస్ కృష్ణయ్యర్ మందలించారు. పురోహితుడు స్వర్గం నుంచి సమన్లు అందుకోడు కదా!

2010లో అదే కోర్టు, సహజీవనాన్ని పెళ్లిలాంటి బంధంగా లెక్కించడానికి షరతులు పెట్టింది. వయసు నిండాలి. ఇద్దరూ అవివాహితులై ఉండాలి. లోకం ఎదుట భార్యాభర్తల్లా చాలాకాలం బతకాలి. శని, ఆదివారాల ప్రేమ చెల్లదు.

అంటే పెళ్లికి కావలసినవన్నీ ఉండాలి. పెళ్లి తప్ప.

2025 నుంచి ఉత్తరాఖండ్‌లో సహజీవనాన్ని నెలలోగా నమోదు చేయించాలి. లేదంటే మూడు నెలల దాకా జైలు పడొచ్చు.

నాడు అండమాన్‌లో ముందు జైలు, తర్వాత కాపురం. నేడు ఉత్తరాఖండ్‌లో ముందు కాపురం, తర్వాత జైలు.

ఏ బాధా లేనిది అండమాన్‌లోని నార్త్ సెంటినల్ దీవి ఆదివాసీ జంటలకే. ఆ దరిదాపులకు వెళ్లడం బయటివాళ్లందరికీ నిషేధం.

రిజిస్ట్రారు గారితో సహా.